‘5జీ ఓన్లీ’ పెట్టేయండి అని వేసినవాళ్లు మిగతా సగం కూడా వెయ్యాలి కదా

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ టెక్ పేజీలో ఒక చిట్కా వేశారు. ఫోన్ డయలర్లో *#*#4636#*#* కొట్టండి, మెనూ వస్తుంది, అందులో ఫోన్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్లి నెట్‌వర్క్ టైప్ దగ్గర ‘ఎన్ఆర్ ఓన్లీ’ పెట్టేయండి, ఇంక మీ ఫోన్ 5జీ వదిలి కిందకి దిగమన్నా దిగదు అని. కోడ్ కరెక్టే, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ మెనూ వస్తుంది కూడా, అందులో తప్పు పట్టడానికేం లేదు, కానీ అది పెట్టాక ఫోన్‌కి కాల్స్ వస్తాయా రావా, మళ్లీ వెనక్కి ఎలా మార్చుకోవాలి అనే ముక్క ఎక్కడా లేదు, పైగా హెడ్డింగ్‌లో స్పీడ్ పెరుగుతుందని గ్యారంటీ ఇచ్చినట్టు రాశారు. పేపర్లో వచ్చిందంటే నమ్మి చేసేవాళ్లు చాలామంది ఉంటారండి, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగ్గా ఉంటుంది, కట్ చేసి వేసినా పర్లేదు గానీ కాల్స్ గురించిన ముక్క మాత్రం కట్ చేయకండి.

ముందు ఒకటి క్లియర్‌గా చెప్పాలి. ఫోన్లో నెట్‌వర్క్ ఎంచుకోవడం రెండు రకాలు, మీ చిట్కా రాసినవాళ్లు రెండూ ఒకటే అనుకున్నారు. మామూలు సెట్టింగ్స్‌లో సిమ్ పేరు మీద నొక్కితే ‘ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్’ అనో, శాంసంగ్‌లో అయితే కనెక్షన్స్, మొబైల్ నెట్‌వర్క్స్, అందులో ‘నెట్‌వర్క్ మోడ్’ అనో ఒకటి ఉంటుంది. అక్కడ కనిపించేవి 5జీ నుంచి 2జీ దాకా అన్నీ ఆటో, లేదా 4జీ నుంచి కిందవి ఆటో, ఇలాంటివి. అంటే మనం పై హద్దు మాత్రమే పెడుతున్నాం, 5జీ వద్దు అన్నా 4జీ దొరక్కపోతే కింద ఉన్నదేదో పట్టుకుని ఫోన్ నెట్టుకొస్తుంది. ఐఫోన్‌లో కూడా అంతే, మొబైల్ డేటా ఆప్షన్స్‌లో వాయిస్ అండ్ డేటా దగ్గర ‘5జీ ఆన్’, ‘5జీ ఆటో’, ‘ఎల్‌టీఈ’ అని ఉంటాయి, ఎల్‌టీఈ అంటే 4జీనే, ఏది పెట్టినా కాల్స్‌కి ఇబ్బంది లేకుండా చూసుకునే సెట్టింగ్ అది. కానీ 4636 మెనూ అలా కాదు. అది టెస్టింగ్ చేసేవాళ్ల కోసం పెట్టింది. అందులో ‘ఎల్‌టీఈ ఓన్లీ’ అన్నా ‘ఎన్ఆర్ ఓన్లీ’ అన్నా ఫోన్ నిజంగానే ఆ ఒక్కటి తప్ప ఇంకోటి వెతకదు. దొరికితే సరే, దొరక్కపోతే నో సర్వీస్. ఎన్ఆర్ అంటే 5జీ రేడియో పేరు, ఆ సంగతి కూడా మీ చిట్కాలో చెప్పలేదు, అర్థం కాకపోయినా పెట్టేసుకోమన్నట్టే కదా మరి.

ఇప్పుడు అసలు గొడవ, కాల్స్. 2జీలో, 3జీలో మాటకి విడిగా ఒక లైన్ ఉండేది, నెట్ వేరు కాల్ వేరు. 4జీకి వచ్చేసరికి ఆ లైన్ తీసేశారు, మొత్తం డేటానే. 2009 డిసెంబర్‌లో స్టాక్‌హోమ్‌లో, ఓస్లోలో మొట్టమొదట 4జీ సర్వీస్ మొదలైనప్పుడు దాని మీద మాట్లాడే ఏర్పాటే లేదు, ఒక్క ఇంటర్నెట్టే. తర్వాత 4జీ ఫోన్లు వచ్చాక కూడా కొన్నేళ్లు జరిగిందేంటంటే, కాల్ రాగానే ఫోన్ 4జీని వదిలి 3జీకో 2జీకో దిగిపోయేది, మాట్లాడటం అయ్యాక మళ్లీ పైకి ఎక్కేది, అప్పట్లో ఫోన్ మాట్లాడుతుంటే పైన 4జీ గుర్తు పోయి హెచ్ (3జీ) అనో ఈ (2జీ) అనో పడేది చూడండి, అదే ఇది. తర్వాత మాటను కూడా డేటాలాగే పంపే వోల్టీ వచ్చింది, దాంతో 4జీలో ఉండగానే మాట్లాడుకోవచ్చు. అయితే వోల్టీ ఫోన్లో ఉంటే చాలదు, ఆపరేటర్ దగ్గర ఉండాలి, ఆ ఆపరేటర్‌కి ఆ మోడల్ ఫోన్‌తో కుదిరి ఉండాలి, సెట్టింగ్స్‌లో ఆన్ అయి ఉండాలి. వేరే దేశంలో కొన్న ఫోన్లలో ఇది కుదరకపోవడం ఇప్పటికీ మామూలే. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ఫోన్ ఇంకా పాత పద్ధతిలో కిందకి దిగే కాల్ తీసుకుంటోంది, అలాంటి ఫోన్లో ‘ఎల్‌టీఈ ఓన్లీ’ పెట్టారంటే దిగడానికి చోటు లేదు, కాల్ రాదు, పోదు.

దారుణం ఏంటంటే ఫోన్ చూస్తే ఏమీ తెలియదు. సిగ్నల్ ఫుల్లుగా ఉంటుంది, వాట్సాప్ వస్తుంది, వీడియోలు ఆడతాయి, అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయనుకుంటారు. అవతల ఫోన్ చేసినవాళ్లకి మాత్రం స్విచ్ ఆఫ్ అనో అందుబాటులో లేరనో వస్తుంది. మిస్డ్ కాల్ కూడా పడదు, ఎందుకంటే కాల్ అసలు ఫోన్ దాకా రానే లేదు. వయసు మళ్లినవాళ్ల ఫోన్లో ఇంట్లో కుర్రాళ్లు స్పీడ్ కోసమని ఇలాంటివి పెట్టేసి వెళ్లిపోతారు, ఆ పెద్దాయన రోజుల తరబడి ఎవరూ ఫోన్ చేయట్లేదేంటా అనుకుంటూ కూర్చుంటాడు.

ఇక మీరు రాసిన ఎన్ఆర్ ఓన్లీ అయితే దీనికంటే ఒక మెట్టు ఎక్కువే. 5జీ రెండు రకాలుగా వేశారు ప్రపంచంలో. ఒకటి ఎన్ఎస్ఏ, నాన్ స్టాండలోన్. ఇందులో ఫోన్ ముందు 4జీకే కనెక్ట్ అవుతుంది, కంట్రోల్ అంతా 4జీ చేతిలోనే ఉంటుంది, డేటా ఎక్కువ కావాలన్నప్పుడు పక్కన 5జీని కలుపుతారు. రెండోది ఎస్ఏ, స్టాండలోన్, అంటే 4జీ ఊతం లేకుండా 5జీ దాని కాళ్ల మీద అది నిలబడేది. 2019లో 5జీ మొదలుపెట్టిన ఆపరేటర్లు దాదాపు అందరూ ముందు ఎన్ఎస్ఏతోనే మొదలుపెట్టారు, ఉన్న 4జీ కోర్, అంటే టవర్ల వెనక ఉండే అసలు వ్యవస్థ, వాడుకోవచ్చు, త్వరగా అయిపోతుంది అని, ఇప్పటికీ చాలామంది దగ్గర అదే నడుస్తోంది. మీ ఆపరేటర్ ఎన్ఎస్ఏ అయితే, మీరు ఎన్ఆర్ ఓన్లీ పెట్టిన మరుక్షణం ఫోన్ 4జీని వదిలేస్తుంది, 4జీ లేనిదే ఆ 5జీ రాదు, కాబట్టి 5జీ కోసం చేసిన పనికి ఉన్న 5జీ కూడా పోతుంది. మీ చిట్కా చదివి చేస్తే ఏమీ రాలేదు సిగ్నలే పోయింది అని ఎవరైనా మీకు రాసి ఉంటే కారణం ఇదే అయి ఉంటుంది.

పోనీ ఎస్ఏ ఉందనుకుందాం. డేటా వస్తుంది. కాల్స్? 5జీ మీదనే మాట పంపేదాన్ని వోఎన్ఆర్ అంటారు, అది కొందరి దగ్గరే ఉంది. లేనిచోట కాల్ రాగానే నెట్‌వర్కే ఫోన్‌ని 4జీకి దింపి వోల్టీలో కలుపుతుంది. 4జీని మనమే వద్దన్నాక ఎక్కడికి దింపుతుంది? మళ్లీ అదే కథ.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు, ఫోన్ ఏ టవర్ పట్టుకోవాలి 4జీనా 5జీనా అనేది ఫోన్ ఒక్కటే కూర్చుని నిర్ణయించేది కాదు. జేబులో ఊరికే ఉన్నప్పుడు టవర్ ప్రసారం చేసే సమాచారంలోనే ఫలానా ఫ్రీక్వెన్సీకి ముందు ప్రాధాన్యం ఇవ్వు, సిగ్నల్ ఇంతకంటే పడిపోతే దాన్ని వదిలి దీనికి రా అని అంకెలు ఉంటాయి, ఫోన్ కొలుచుకుంటూ ఆ రూల్ ప్రకారం మారుతుంది. వాడుతున్నప్పుడైతే ఫోన్ కొలతలు పంపుతుంది, మారమని ఆర్డర్ వేసేది నెట్‌వర్కే. మనం సెట్టింగ్‌లో 4జీ అని పెట్టినప్పుడు జరిగేది, నాకు 5జీ రాదు అని ఫోన్ నెట్‌వర్క్‌కి చెప్పడం, అంతే. అందుకే ఆటోలో ఉంచితే ఫోన్ తెలివితక్కువగా బలహీనమైన 5జీనే పట్టుకు వేలాడుతోంది అని తిట్టేవాళ్లు తిట్టాల్సింది చాలాసార్లు ఫోన్‌ని కాదు, ఆ అంకెలు పెట్టినవాళ్లని.

సిగ్నల్ గీతల మీద కూడా ఒక మాట. ఆ గీతలకి అందరికీ ఒకే కొలత లేదు, ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలో ఫోన్ కంపెనీ, ఆపరేటర్ వాళ్ల ఇష్టం, కాబట్టి రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి దీనికి నాలుగు గీతలు దానికి రెండే అని పోల్చడం దండగ. నిజంగా చూడాలంటే అబౌట్ ఫోన్‌లో సిమ్ స్టేటస్ అని ఉంటుంది, అక్కడ డీబీఎంలో (సిగ్నల్ బలం కొలిచే లెక్క అది) మైనస్ అంకె కనిపిస్తుంది. 4జీలో మైనస్ 80 దగ్గర ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే బలహీనం, మైనస్ 120 దగ్గరైతే ఊపిరి ఆగిపోయే స్థితి. ఇక్కడ తెలిసినవాళ్లు కూడా బోల్తా పడే చోటు ఒకటుంది. 2జీకి మార్చి చూస్తే మైనస్ 85 అని, 4జీలో మైనస్ 105 అని కనిపిస్తుంది, అమ్మో 2జీ ఎంత బలంగా ఉందో అనుకుంటారు. కానీ 2జీలో చూపించేది మొత్తం ఛానల్ పవర్, 4జీలో చూపించేది ఆ ఛానల్లో ఉన్న సబ్‌క్యారియర్లలో, అంటే సన్నటి ఫ్రీక్వెన్సీ పాయల్లో, ఒక్కోదానికి వచ్చే పవర్, 20 మెగాహెర్ట్జ్ 4జీ ఛానల్లో అలాంటివి 1200 ఉంటాయి. ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడటంలో అర్థమే లేదు. 4జీని 4జీతోనే పోల్చుకోవాలి.

పైన కనిపించే 5జీ గుర్తు సంగతైతే ఇంకా విచిత్రం. ఎన్ఎస్ఏలో ఆ 4జీ టవర్‌కి 5జీ తోడుందని తెలిస్తే చాలు, ఇంకా 5జీ కలవకముందే గుర్తు చూపించే ఫోన్లు ఉన్నాయి, నిజంగా కలిశాకే చూపించేవీ ఉన్నాయి, ఆపరేటర్ ఎలా చెప్తే అలా. అమెరికాలో ఏటీ అండ్ టీ అనే ఆపరేటర్ 2019లో 4జీ మీదే నడిచే ఫోన్లలో ‘5జీ ఈ’ అని గుర్తు పెట్టి చూపించింది, పోటీ కంపెనీలు గోల చేశాయి, చివరికి 2020లో అక్కడి ప్రకటనల రివ్యూ బోర్డు ఆ పేరు వాడటం ఆపమంది, యాడ్స్‌లో ఆపారు గానీ ఫోన్ల మీద గుర్తు మాత్రం ఉంచుకున్నారు. గుర్తు చూసి మురిసిపోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

సరే, అయితే నెట్‌వర్క్ టైప్ అసలు ముట్టుకోకూడదా అంటే, ముట్టుకోవాలి, ముట్టుకోవాల్సిన సందర్భాలు గట్టివే ఉన్నాయి, మీ చిట్కా దానికి సరిగ్గా వ్యతిరేక దిక్కులో ఉంది అనేదే నా బాధ. చాలామందికి పనికొచ్చేది 5జీకి కట్టేసుకోవడం కాదు, ఇంట్లోనో ఆఫీసులోనో 5జీ అంతంతమాత్రంగా ఉన్నచోట 4జీకి దిగడం. ఎందుకంటే 5జీ చాలా దేశాల్లో 3.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల నడుస్తుంది, 4జీకి 700, 800, 900 మెగాహెర్ట్జ్ లాంటి కింది బ్యాండ్లు కూడా ఉంటాయి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గోడలు దాటే శక్తి తగ్గుతుంది. కిటికీ పక్కన 5జీ అదరగొడుతుంది, నాలుగు అడుగులు లోపలికి వేస్తే చచ్చిపోతుంది, మళ్లీ కిటికీ దగ్గరికొస్తే లేస్తుంది, ఫోన్ ఇలా ఎక్కుతూ దిగుతూ ఉంటే ప్రతిసారీ మధ్యలో ఒక చిన్న ఆగుడు, వీడియో కాల్లో మొహం బిగుసుకుపోయేది ఆ సెకన్లలోనే.

ఇంకోటి అప్‌లోడ్. టవర్ పెద్ద యాంటెన్నాతో పెద్ద పవర్‌తో అరుస్తుంది కాబట్టి దాని మాట మన ఫోన్‌కి వినిపిస్తుంది, మన ఫోన్ తిరిగి చెప్పడానికి మాత్రం 4జీ, 5జీల్లో మామూలుగా ఉన్న పవర్ సుమారు 200 మిల్లీవాట్లే. అందుకే సిగ్నల్ అంచున డౌన్‌లోడ్ స్పీడ్ టెస్ట్‌లో అంకె బానే వస్తుంది గానీ మన మాట అవతలివాళ్లకి ముక్కలు ముక్కలుగా పోతుంది. స్పీడ్ టెస్ట్ పెట్టేవాళ్లు కింద ఉన్న అప్‌లోడ్ అంకె కూడా చూడండి, పింగ్, అంటే మనం పంపింది వెళ్లి జవాబు రావడానికి పట్టే టైమ్, ఎంత ఊగుతోందో చూడండి, డౌన్‌లోడ్ ఒక్కటే చూసి స్క్రీన్‌షాట్ పెట్టుకోవడం కాదు. అంచున ఉన్నప్పుడు ఫోన్ ఎప్పుడూ ఫుల్ పవర్‌లో పంపుతుంది కాబట్టి వేడెక్కుతుంది, బ్యాటరీ కరిగిపోతుంది, ఎన్ఎస్ఏ అయితే 4జీ, 5జీ రెండు రేడియోలూ ఒకేసారి నడవాలి, అది ఇంకో ఖర్చు. యాపిల్ వాళ్లు 2020లో ఐఫోన్ 12తో మొదటిసారి 5జీ ఇచ్చినప్పుడే ‘5జీ ఆటో’ అని పెట్టింది ఇందుకే, 5జీ వల్ల చెప్పుకోదగ్గ తేడా లేనప్పుడు ఎల్‌టీఈలోకి దిగి బ్యాటరీ మిగుల్చుతుంది. సిగ్నల్ బలంగా ఉన్నచోట, 4జీ జనంతో కిక్కిరిసిపోయినచోట, పెద్ద ఫైల్ దించుకోవాల్సినప్పుడు 5జీ నిజంగా గొప్పే, స్టేడియంలో కూర్చున్నవాడిని అడగండి చెప్తాడు. కానీ మెసేజీలు చూసుకోవడానికి, మాట్లాడుకోవడానికి 4జీ చాలు, అందులో నామోషీ ఏం లేదు.

ఇక మీ పేజీలో అసలు రావాల్సింది, రానిది, 2జీ ఆపడం గురించి. 2జీ, అంటే జీఎస్ఎం, 1991లో ఫిన్లాండ్‌లో మొదటి కాల్‌తో మొదలైంది. దాన్ని తయారుచేసినప్పుడు ఫోన్ తను ఎవరో నెట్‌వర్క్‌కి నిరూపించుకోవాలి అని పెట్టారు గానీ, నెట్‌వర్క్ తను నిజమైనదేనని ఫోన్‌కి నిరూపించుకోవాలని పెట్టలేదు. దొంగ టవర్ ఎవడు పెడతాడులే అనుకున్నారేమో. 3జీ నుంచి రెండు వైపులా తనిఖీ వచ్చింది. 2జీలో వాడే ఏ5/1 అనే గుప్తీకరణ కూడా 1980ల నాటిది, దాన్ని విప్పడానికి కావాల్సిన పట్టికలు కార్‌స్టెన్ నోల్ అనే పరిశోధకుడి బృందం 2009లోనే బయటపెట్టింది.

ఇది పాత చరిత్ర అనుకోకండి. ఇప్పుడు ‘ఎస్ఎంఎస్ బ్లాస్టర్’ అని ఒక పెట్టె వస్తోంది, కారు డిక్కీలోనో బ్యాగులోనో పెట్టుకుని జనం మధ్యలో తిరుగుతారు. అది బలమైన సిగ్నల్‌తో చుట్టుపక్కల ఫోన్లని తనవైపు లాగి 2జీకి దింపుతుంది, దింపి బ్యాంకు పేరుతోనో ప్రభుత్వ ఆఫీసు పేరుతోనో ఒక లింకు మెసేజ్ పడేసి వదిలేస్తుంది, కొన్ని సెకన్ల పని. ఆ మెసేజ్ ఆపరేటర్ దగ్గరికి అసలు వెళ్లదు కాబట్టి వాళ్లు పెట్టిన స్పామ్ ఫిల్టర్లు ఏవీ దానికి అడ్డం రావు, పంపినవాళ్ల పేరు ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. 2024లో బ్రిటన్‌లో ఇలా ఇంట్లో తయారుచేసిన యాంటెన్నాతో వేలకొద్దీ మెసేజీలు పంపారని ఇద్దర్ని పోలీసులు పట్టుకున్నారు. ఫోన్లో 2జీ ఆపి ఉంటే ఈ దింపుడుకి కళ్లెం పడుతుంది, ఫోన్ 2జీకి దిగనే దిగదు.

ఆండ్రాయిడ్ 12 నుంచి దీనికి మామూలు సెట్టింగ్సులోనే ఒక బటన్ ఉంది, సిమ్ పేజీలో కిందకి వెళ్తే ‘అలౌ 2జీ’ అని. కొత్త వెర్షన్లలో ‘2జీ నెట్‌వర్క్ ప్రొటెక్షన్’ అని తిరగేసి పెట్టారు, అంటే ముందుది ఆఫ్ చేయాలి, రెండోది ఆన్ చేయాలి, జాగ్రత్తగా చూసి నొక్కాలి. ఆండ్రాయిడ్ 16లో అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ అని భద్రత సెట్టింగ్‌లన్నీ ఒకేసారి పెట్టే బటన్ ఉంది, అది ఆన్ చేస్తే, ఫోన్‌కి ఆ సదుపాయం ఉంటే, దాంతోపాటే 2జీ ఆగిపోతుంది. ఐఫోన్‌లో దీనికి విడిగా బటన్ ఇవ్వలేదు, 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుంచి లాక్‌డౌన్ మోడ్ (గట్టి దాడుల నుంచి కాపాడేందుకు పెట్టిన కట్టుదిట్టమైన సెట్టింగ్) ఆన్ చేస్తే 2జీ ఆపేస్తుంది, కానీ లాక్‌డౌన్ మోడ్‌తో ఇంకా చాలా ఆగిపోతాయి, మెసేజీల్లో అటాచ్‌మెంట్లు, కొన్ని వెబ్‌సైట్లు సరిగ్గా రావు, మామూలు మనిషికి అంత అవసరం లేదు, ఒక్క బటన్ ఇవ్వడానికి యాపిల్‌కి ఏం నొప్పో నాకు అర్థం కాదు. ఆండ్రాయిడ్ బటన్ కిందే రాసి ఉంటుంది, ఎమర్జెన్సీ కాల్స్‌కి మాత్రం 2జీ ఎప్పుడూ అనుమతిస్తామని. చూశారా, ఇదీ పద్ధతి, ఆపమన్నది ఆపి, ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రం తెరిచి ఉంచడం. 4636 మెనూలో ఇలాంటి హామీ ఏమీ రాసి ఉండదు.

ఇది కూడా అందరికీ కాదు, ఆ ముక్క కూడా వెయ్యండి. వోల్టీ పనిచేయని ఫోన్ ఉన్నవాళ్లు, 2జీ తప్ప ఇంకోటి అందని చోట తిరిగేవాళ్లు 2జీ ఆపకూడదు. అదీకాక కొన్ని దేశాల్లో 3జీని ముందు మూసేసి 2జీని ఉంచారు. జర్మనీలో 2021లో 3జీ మూసేశారు, 2జీ మాత్రం కొనసాగించారు, పాత మీటర్లు, లిఫ్టుల్లో అలారాలు, ఇలాంటి మెషీన్లు దాని మీదే బతుకుతాయి కాబట్టి. అమెరికాలో పెద్ద ఆపరేటర్లు 2022లో 3జీ మూసేశారు, ఏటీ అండ్ టీ అయితే 2జీని అంతకుముందే 2017 మొదలయ్యేసరికి ఆపేసింది. కాబట్టి ప్రయాణంలో ఉన్నప్పుడు అక్కడ ఏది బతికుందో, మన ఫోన్ వోల్టీ ఆ నెట్‌వర్క్‌లో పనిచేస్తుందో లేదో తెలియకుండా కిందవన్నీ ఆపేసుకుని వెళ్తే విమానం దిగాక ఫోన్ మాట్లాడదు. సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ చేయాల్సిన పని ఒకటే, వైఫై ఆపేసి ఇంకో ఫోన్ నుంచి కాల్ చేయించుకుని, మనం కూడా ఒక కాల్ చేసి చూసుకోవడం. వైఫై ఆన్‌లో ఉంటే వైఫై కాలింగ్ మీద కాల్ వచ్చేసి అంతా బాగుందనిపిస్తుంది, గేటు దాటాక తెలుస్తుంది అసలు సంగతి.

మామూలు కాల్ వెళ్లినంత మాత్రాన ఎమర్జెన్సీ కాల్ వెళ్తుందని కూడా లేదండి, దీనికి ఆస్ట్రేలియా సంగతి చెప్పాలి. అక్కడ టెల్‌స్ట్రా, ఆప్టస్ అనే పెద్ద ఆపరేటర్లు 2024 అక్టోబర్ 28 నుంచి 3జీ మూయడం మొదలుపెట్టారు. మూసేముందు బయటపడిందేంటంటే, కొన్ని 4జీ ఫోన్లు మామూలు కాల్స్ వోల్టీలో చక్కగా మాట్లాడతాయి గానీ, వాళ్ల ఎమర్జెన్సీ నంబర్ 000 కొడితే మాత్రం తయారీలోనే 3జీకి దిగేలా పెట్టి ఉంది. అంటే రోజూ వాడుకునే మనిషికి తన ఫోన్లో లోపం ఉందని తెలిసే మార్గమే లేదు. చివరికి ఎమర్జెన్సీ కాల్ చేయలేని ఫోన్లకి అసలు సర్వీసే ఇవ్వకూడదని అక్కడి ప్రభుత్వం ఆపరేటర్లకి రూల్ పెట్టింది. ఇంత పెద్ద ఆపరేటర్లకే, ఇంత ఆలస్యంగా బయటపడిన లోపం ఇది. ఆదివారం మధ్యాహ్నం పేపర్ చూసి కోడ్ కొట్టినవాడికి ఎలా తెలుస్తుంది చెప్పండి?

రెండు సిమ్‌లు వాడేవాళ్లు ఈ సెట్టింగ్ ఒక్కో సిమ్‌కి విడివిడిగా ఉంటుందని గుర్తుంచుకోవాలి, ఒకదానికి మార్చి రెండోదానికి మార్చలేదని తర్వాత తల పట్టుకునేవాళ్లు ఎక్కువ.

మీ ద్వారా కంపెనీలకి కూడా ఒక మాట అనాలి. అసలు జనం ఈ రహస్య కోడ్‌ల వెంట ఎందుకు పడుతున్నారు? మామూలు సెట్టింగ్స్‌లో దొరకాల్సింది దొరక్క. ఆండ్రాయిడ్‌లో ఆపరేటర్ల కోసం ఒక కాన్ఫిగరేషన్ ఉంటుంది, ఏ సిమ్ వేస్తే ఆ ఆపరేటర్ లెక్కలు ఫోన్లోకి వస్తాయి, అందులో నెట్‌వర్క్ టైప్ మెనూని దాచేయడానికి ఒక లైన్, 2జీ బటన్‌ని దాచేయడానికి ఇంకో లైన్ ఉన్నాయి. ఆ ఒక్క లైన్ ‘అవును’ అని పెడితే చాలు మన ఫోన్లో ఆ మెనూ మాయం. ఒకే మోడల్ ఫోన్, ఒక సిమ్ వేస్తే కనిపిస్తుంది, సిమ్ మారిస్తే కనిపించదు, ఫోన్ పాడైందేమో అనుకుని రీసెట్ కొట్టినవాళ్లున్నారు. వాళ్ల కారణాలు వాళ్లకి ఉంటాయి, ఎవరో తెలియక మార్చుకుని కాల్స్ రావట్లేదని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తారు, ఏ నెట్‌వర్క్ మీద ఎంతమంది ఉండాలో లోడ్ సర్దుకోవడం కష్టమవుతుంది, నిజమే ఒప్పుకుంటా. అందుకని ‘ఓన్లీ’ రకం సెట్టింగ్‌లు దాచారంటే నేనేం అనను, దాచడమే మంచిది. కానీ పై హద్దు పెట్టుకునే మెనూని, 2జీ ఆపే బటన్‌ని దాచడం మాత్రం అన్యాయం. మొదటిదాంతో కాల్స్ పోవు, బ్యాటరీ మిగులుతుంది. రెండోది మన డబ్బు కాపాడే బటన్, దాన్ని దాచే హక్కు ఆపరేటర్‌కి ఎవరిచ్చారు? దొంగ మెసేజీలు నమ్మకండి అని రోజూ మనకి పాఠాలు చెప్పేది వీళ్లే. పైగా అది దాచేస్తే జనం చేసేది ఊరుకోవడం కాదు, నేరుగా 4636కి వెళ్లడం, అక్కడ తప్పు చేస్తే కాల్స్ మొత్తం పోతాయి.

ఐఫోన్ వాళ్లు కూడా *3001#12345#* అని కొడతారు, దాన్ని గురించి కూడా ఏదో ఒక వారం మీ పేజీలో వస్తుందేమో అని ముందే చెప్తున్నా, అది సిగ్నల్ కొలతలు చూపించే మెనూ మాత్రమే, దాంతో నెట్‌వర్క్ మారదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజులో, వెనక్కి ఎలా రావాలో వేయండి. అదే కోడ్ కొట్టి అదే మెనూలో ఎన్ఆర్, ఎల్‌టీఈతో మొదలై జీఎస్ఎం దాకా అన్నీ ఉన్న పొడుగాటి ఆప్షన్ ఎంచుకోమనండి, పేరు ఫోన్‌ని బట్టి కొంచెం అటూఇటూ ఉంటుంది, ఎంత పొడుగు పేరుంటే అన్ని నెట్‌వర్క్‌లు ఉన్నట్టు. కొన్ని ఫోన్లలో స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే దానంతట అదే ఆటోకి వచ్చేస్తుంది, కొన్నింట్లో రాదు, కాబట్టి దాని మీద ఆధారపడొద్దనండి. మామూలు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్‌ని వేరేది పెట్టి మళ్లీ 5జీకి మార్చినా సరిపోతుంది చాలావాటిలో. ఏదీ పనిచేయకపోతే సిస్టమ్‌లో రీసెట్ ఆప్షన్స్‌లో మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ అని ఉంటుంది, అది చేయమనండి, ఫోటోలు, యాప్‌లు ఏమీ పోవు, కొన్ని ఫోన్లలో మాత్రం వైఫై పాస్‌వర్డ్‌లు, జత చేసిన బ్లూటూత్‌లు కూడా దాంతోపాటే పోతాయి, అవి ముందే ఎక్కడైనా రాసి పెట్టుకోమని ఆ ముక్క మర్చిపోకుండా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు